ముప్పై వాట్ల ఆకాశవాణి

మా నాయన చేతికి రేడియో వస్తే ముందు వెనక అట్ట విప్పేవాడు కాదు. డయల్ గాజు తుడిచేవాడు. పంచె కొస బొటనవేలికి చుట్టి, నోటి ఆవిరి ఊది, ఒక్కొక్క ఊరి పేరే బయటికి తీసేవాడు. మద్రాసు, బొంబాయి, కలకత్తా, సిలోన్. బడిలో గోడపటం చూడకముందే ఆ గాజు నాకు భూగోళం. సిలోన్ బొంబాయికి ఏ పక్కన ఉంటుందో ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. తప్పే చెప్పేవాణ్ణి.

హిందూపురం బజారులో ఆరడుగుల వెడల్పు అంగడి మాది. నడిమధ్య వైరుకు వేలాడే నలభై వాట్ల బల్బు, దాని కింద నాయన తల. అట్ట విప్పగానే లోపలనుంచి వేడెక్కిన దుమ్ము వాసన, ఒక్కోసారి బల్లి గుడ్లు. వాల్వులు వెలుగుతున్నా స్పీకరు పలకకపోతే స్క్రూడ్రైవరు మొన వాల్వు గ్రిడ్డుకు తాకించి, వేలు దాని లోహం మీద పెట్టేవాడు. స్పీకరు 'బుయ్'మంటే "పానం ఉండాది" అనేవాడు. అనకపోతే ఏమీ అనేవాడు కాదు, బీడీ ముట్టించేవాడు.

సెట్టు పలికి, ముల్లు జరిగి, గరగరలోంచి 'ఆకాశవాణి, విజయవాడ కేంద్రం' అని వినబడిందంటే మాత్రం ప్రతిసారీ ఒకటే మాట: "మైసూరోళ్ళది రా ఆ మాట. మనోళ్ళదీ కాదు, ఢిల్లీవోళ్ళదీ కాదు."

నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నాయన 1951 నుంచి నాలుగైదేళ్ళు మైసూరులో సయ్యాజీరావు రోడ్డు పక్క సందులో ఒక రేడియో అంగట్లో పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత బతుకంతా ఆయనకు మంచిదేదైనా మైసూరుదే. మైసూరు పాకు, మైసూరు మల్లె, మైసూరు అగరువత్తి, మైసూరు దసరా. ఆ పట్టికలో ఆకాశవాణి కూడా ఒకటి అనుకున్నాను.

2023 మే నెలలో ప్రసారభారతి ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇకమీదట 'ఆలిండియా రేడియో' అనే మాట ప్రసారాల్లో వాడొద్దు, 'ఆకాశవాణి' అని మాత్రమే చెప్పాలి అని. పేపర్లో ఆ వార్త చదివేనాటికి నాయన పోయి పదకొండేళ్ళు. తపాలా శాఖలో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన నాకు అప్పుడు చేతినిండా తీరికే. నాయన గొప్పలో నిజమెంతో చూద్దామని కూర్చున్నాను. చూస్తే, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పైగా ఆయనకూ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మన వైపు రేడియో ఎక్కడా సర్కారు పెట్టి మొదలైంది కాదు. ఎవరో ఒక పిచ్చిమనిషి ఇంట్లోనో సందులోనో మొదలుపెడితే, డబ్బు చాలకో, రాజు కన్ను పడో, చివరికి సర్కారు గూటికి చేరింది.

మద్రాసుతో మొదలుపెట్టాలి. 1924 నాటికి అది తెలుగువాళ్ళకూ రాజధానే కదా. కృష్ణస్వామి చెట్టి అనే ఇంజనీరు ఇంగ్లండు నుంచి సామాను తెచ్చుకుని, తోటి ఉత్సాహపరులను పోగేసి, ఆ ఏడు మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టాడు. జులై 31న ప్రసారం మొదలైంది. యంత్రం సత్తువ మొదట నలభై వాట్లు, తర్వాత రెండు వందలు. సాయంత్రం పూట కాస్త సంగీతం, కాస్త ఉపన్యాసం. గవర్నరు గోషెన్ దొర పోషకుడిగా ఉన్నాడు గానీ పోషణ పేరుకే. క్లబ్బంటే సభ్యుల చందా. వినేవాడల్లా చందా కట్టడు గదా, గాలికి తలుపేముంది? మూడేళ్ళు ఈదారు. 1927 అక్టోబరులో చేతులెత్తేశారు. యంత్రాన్ని మాత్రం పాతసామాన్లవాడికి అమ్ముకోలేదు, మద్రాసు కార్పొరేషనుకు ఇచ్చేశారు. కార్పొరేషను రెండున్నరేళ్ళు దాన్ని చూస్తూ ఊరుకుని, 1930 ఏప్రిల్ 1న మళ్ళీ పలికించింది.

ఆ కార్పొరేషను రేడియో అంటే నాకు చాలా ఇష్టం, వినకపోయినా. వీధి దీపాలు, మురుగు కాలువలు, దోమల మందు చూసుకునే నగరసభ రోజూ సాయంత్రం రెండు గంటలు పాట వినిపించే బాధ్యత కూడా నెత్తిన వేసుకుంది. ఇంట్లో సెట్టు కొనే స్తోమత ఎంతమందికుంటుంది? అందుకని సముద్రపుటొడ్డునా పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు కట్టింది. బడిపిల్లలకు వేరే కార్యక్రమం, ఆదివారాలు గ్రామఫోను ప్లేట్లు. కుళాయి నీళ్ళతో పాటు కచేరీ. ఇలా ఎనిమిదేళ్ళు నడిచింది.

అదే సమయంలో బొంబాయిలో పెద్ద డబ్బుతో దిగినవాళ్ళ గతి చూడండి. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అని, 1927 జులై 23న బొంబాయిలో, ఆగస్టు 26న కలకత్తాలో కేంద్రాలు తెరిచారు. ఒక్కొక్కటి ఒకటిన్నర కిలోవాట్లు. లైసెన్సు రుసుము ఏడాదికి పది రూపాయలు. అందులో ఎనిమిది కంపెనీకి, రెండు సర్కారుకు. లెక్క కాగితం మీద బాగానే ఉంది. కానీ మూడేళ్ళకు దేశమంతటా కలిపి లైసెన్సులు ఎనిమిది వేలు దాటలేదు. 1930 మార్చి 1న కంపెనీ దివాలా. ఏప్రిల్ 1 నుంచి సర్కారే నడపవలసి వచ్చింది.

లైసెన్సు ఎగవేతలో కంపెనీ మునిగిందని చరిత్రకారులు రాస్తే నాకు ఆశ్చర్యమేమీ లేదు. 1974లో నేను తపాలా ఉద్యోగంలో చేరినప్పుడు మొదట కూర్చోబెట్టింది రేడియో లైసెన్సుల కౌంటర్లోనే. చిన్న పుస్తకం, ఏడాదికి పదిహేను రూపాయలు, స్టాంపు అంటించి ముద్ర కొట్టాలి. డిసెంబరు ఆఖరు వారం వచ్చిందంటే వరస బజారుదాకా. ఆ వరసలో నిలబడని వాళ్ళ సెట్లన్నీ మా నాయన అంగట్లో ఉండేవి. పుస్తకం ఉందా అని ఆయన ఏనాడూ ఎవర్నీ అడిగి ఎరగడు. "అడిగితే గిరాకీ పోతాది. నువ్వు అడుక్కో, నీకు జీతమిస్తారు" అనేవాడు నాతో. సాయంత్రం అంగడికి పోతే ఎవరో ఒకరు నన్ను చూసి సెట్టు మీద తువాలు కప్పేవారు. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు ఎత్తేశాక ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇక మైసూరు.

1935 ఆగస్టు 30న లయొనెల్ ఫీల్డెన్ అనే బీబీసీ మనిషి ఢిల్లీలో దేశ ప్రసారాల అధిపతిగా బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నవి బొంబాయి, కలకత్తా రెండే రెండు కేంద్రాలు. ఢిల్లీ కేంద్రం మరుసటేడు జనవరి 1న గానీ మొదలు కాలేదు. ఫీల్డెన్ ఆ కుర్చీలో కూర్చున్న పదకొండు రోజులకు, అంటే సెప్టెంబరు 10న, ఎవరి ఉత్తర్వూ లేకుండా మైసూరులో ఒక ఇంట్లోంచి రేడియో పలికింది. ఇంటిపేరు విఠల విహార. ఇంటాయన డాక్టర్ ఎం.వి. గోపాలస్వామి, మహారాజా కాలేజీలో సైకాలజీ ప్రొఫెసరు. ఇంజనీరు కాడు, షావుకారు కాడు. లండనులో స్పియర్‌మన్ దగ్గర మనస్తత్వశాస్త్రం చదివి వచ్చి, మైసూరు విశ్వవిద్యాలయంలో ఆ శాఖను నిలబెట్టినవాడు. నాటకాల పిచ్చి కూడా ఉంది. మనుషుల మనసులు చదివే పంతులుకు ఒకేసారి వెయ్యి చెవుల్లో మాట్లాడాలని ఎందుకనిపించిందో ఊహించుకోవడం కష్టం కాదు.

యంత్రం ముప్పై వాట్లు.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. మా అంగట్లో వేలాడిన బల్బు నలభై. ఒక గది వెలిగించడానికే అది చాలేది కాదు, నాయన కళ్ళు చికిలించుకునేవాడు. అంతకన్నా తక్కువ సత్తువతో ఆ ప్రొఫెసరు ఊరంతటికీ పాట వినిపించాడు. యంత్రం గోడలోంచి తాగే కరెంటు ఇంకా ఎక్కువే ఉంటుందనుకోండి, తీగమీదినుంచి గాలిలోకి వదిలేది ముప్పై. మీడియం వేవు మీద పగటిపూట ఆ ముప్పై వాట్లు ఊరి పొలిమేర దాటితే గొప్ప. రాత్రి పైగాలి ఆ అలలను తిప్పి కిందికి పంపితే ఇంకొంత దూరం. తర్వాత 250 వాట్ల యంత్రం తెప్పించారు. విజయవాడ కేంద్రం నుంచి నేను విన్నది లక్ష వాట్లు. లక్ష వాట్ల గొంతు కూడా హిందూపురం చేరేసరికి దగ్గుతూ చేరేది, అది వేరే కథ.

ఇంట్లో ఒక గది స్టూడియో. పాడేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు కాలేజీ సహోద్యోగులూ ఊరి విద్వాంసులూ. మైసూరులో అప్పుడు విద్వాంసులకు కొదవా? సంస్థానం ఆస్థానమే నిండి ఉండేది. మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1912 నుంచి 1949 దాకా ఆ మహారాజా కాలేజీలోనే తెలుగు పాఠం చెప్పారు. గోపాలస్వామీ ఆయనా ఒకే వసారాల్లో ఏళ్ళ తరబడి ఎదురుపడి ఉంటారు. తర్వాత తిరుపతి వెళ్ళి అన్నమయ్య రాగిరేకుల పాటలకు స్వరం కట్టిన ఆ చెవి ఈ రేడియోను విన్నప్పుడు ఏమనుకుందో!

ఈ ఇంటి రేడియోకు పేరు కావలసి వచ్చింది. 'ఆకాశవాణి' అని సూచించింది ఎన్. కస్తూరి అంటారు. గోపాలస్వామికి ఈ పనిలో కుడిభుజం ఆయన. పుట్టుక కేరళలో, ఉద్యోగం మైసూరులో, హాస్యం రాసింది కన్నడంలో. పాతికేళ్ళ తర్వాత మా జిల్లాలోనే పుట్టపర్తిలో స్థిరపడి, సత్యసాయిబాబా జీవితచరిత్ర రాశారు. మా వైపువాళ్ళకు కస్తూరి అంటే ఆశ్రమంలో తెల్లబట్టల పెద్దాయనే గుర్తు. చిన్నప్పుడు రెండుసార్లు ఆయన్ను దూరం నుంచి చూశాను. మా అంగట్లో రోజుకు యాభైసార్లు వినబడే మాట ఆ ముసలాయన నోట పుట్టిందని ఎవరైనా చెప్పి ఉంటే దగ్గరకు పోయి దండం పెట్టేవాణ్ణి. ఆ పేరు పెట్టిందెవరంటే ఠాగూరు పేరు చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఠాగూరు కలకత్తా రేడియో కోసం ఆ మాట వాడేసరికి మైసూరు రేడియో ఆ పేరుతో ఏళ్ళ తరబడి పలుకుతూనే ఉంది.

ఇంతకీ ఆకాశవాణి అంటే మన భాగవతంలో ఏమిటి? చెల్లెలి పెళ్ళయ్యాక కంసుడు తానే పగ్గాలు పట్టి రథం తోలుకుపోతుంటే, ఎనిమిదో బిడ్డ నిన్ను చంపుతాడురా అని పైనుంచి పలికిన మాట. పలికేవాడు కనబడడు. రాజని భయపడదు, అబద్ధమాడదు. అలాంటి మాటను పట్టుకొచ్చి సర్కారు శాఖకు పెట్టుకోవడం ఎంత సాహసమో అని మా ఆఫీసులో ఒకాయన వెటకారం చేసేవాడు, ఎమర్జెన్సీ రోజుల్లో, తలుపు వేసి. సర్కారు పెట్టుకున్న పేరు కాదది, సర్కారుకు వారసత్వంగా వచ్చిన పేరు. ఢిల్లీలో ఫీల్డెన్ దొర 1936 జూన్ 8న 'ఆలిండియా రేడియో' అని నామకరణం చేశాడు. అంతకుముందున్న 'ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్' అనేది నోరు తిరగని పేరని ఆయనకు చిరాకు. ఆయన పెట్టిన పేరు పొట్టిదే, చక్కటిదే. దేశభాషల్లో పలకడానికి మాత్రం ఇంకొకటి కావలసి వచ్చింది. 1957 నుంచి సంస్థ అంతటికీ మైసూరు ఇంటిపేరే ఖాయమైంది. తమిళులు ఒప్పుకోలేదు, మాకు 'వానొలి' ఉందన్నారు. మనవాళ్ళెవరూ గొడవ చెయ్యలేదు. కంసుడి కథ తెలియని తెలుగువాడు ఎవడు?

ఒక ప్రొఫెసరు సొంత ఇంట్లో రేడియో ఎలా నడిపాడు, చట్టం ఒప్పుకుందా అని అడగొచ్చు. తపాలా శాఖవాడిని కాబట్టి నాకు ఈ చట్టం పాఠం. 1885 టెలిగ్రాఫు చట్టం ప్రకారం తంతి సర్కారుదే. తీగ లేని తంతి వచ్చాక అదీ సర్కారుదే. ఇంట్లో సెట్టు ఉంచుకోవాలన్నా 1933 చట్టం ప్రకారం లైసెన్సు కావలసి ఉండేది. అయితే అది తెల్లదొరల ఇలాకాలో. సంస్థానాల్లో రాజు మాటే చట్టం. 1935 రాజ్యాంగ చట్టంలో రాష్ట్రాలూ సంస్థానాలూ సొంత ప్రసార కేంద్రాలు పెట్టుకుంటామంటే కేంద్రం అకారణంగా కాదనకూడదని ఒక సెక్షనే రాశారు. సంస్థానాలకున్న ఈ వెసులుబాటులోంచే మైసూరు, హైదరాబాదు, ఔరంగాబాదు, తిరువనంతపురం, బరోడా రేడియోలు వచ్చాయి. తెల్లవాడి చట్టం తేలేని వైవిధ్యం రాజుల దయవల్ల వచ్చిందనడం నాకంత రుచించదు గానీ, జరిగింది అదే.

గోపాలస్వామి సొంత డబ్బు పెట్టాడు. ఊరివాళ్ళు కొంత ఇచ్చారు, పురపాలక సంఘం కొంత. ఆరేడేళ్ళు అలా లాగి, 1940ల మొదట్లో సంస్థాన ప్రభుత్వానికి అప్పగించాడు. అప్పగించాడు అని తేలిగ్గా రాశాను. ఇంట్లో పెంచిన పిల్లను అత్తారింటికి పంపినట్టు ఉండి ఉంటుంది. యాదవగిరి మీద కేంద్రానికి సొంత భవనం వచ్చింది. జీతాల పట్టికలు, హాజరు పుస్తకం వచ్చాయి.

హైదరాబాదు కథ ఇదే కాలంలో ఇంకో దారిన నడిచింది. అక్కడ మొదలుపెట్టినాయన మహబూబ్ అలీ. తంతితపాలా శాఖ ఉద్యోగి. మా శాఖవాడే! 1930ల మొదట్లో అబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ గల్లీలో రెండు వందల వాట్ల యంత్రంతో నడిపాడు. నిజాం ప్రభుత్వం ఎక్కువ కాలం ఆగలేదు. 1935 ఫిబ్రవరి 3న దాన్ని తన చేతిలోకి తీసుకుంది. దక్కన్ రేడియో అయింది. ప్రసార కేంద్రాన్ని ఉర్దూలో నష్ర్‌గాహ్ అంటారు, వైర్‌లెస్సును లాసిల్కీ. ఆ మాటలు ఇప్పటికీ పాతబస్తీ పెద్దవాళ్ళ నోట వినబడతాయి. తర్వాత కేంద్రం ఖైరతాబాదులో యావర్ మంజిల్‌కు మారింది, యంత్రం సరూర్‌నగర్‌లో. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగే అయినా ఉర్దూదే పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడం పీట చివర సర్దుకుని కూర్చున్నాయి.

మైసూరు రేడియో పాటలు పాడుకుంటూ బతికితే, దక్కన్ రేడియో రాజ్యం మునిగేదాకా మోసింది. 1948లో రజాకార్ల ప్రసంగాలు మోగించింది అదే. సెప్టెంబరు 17 సాయంత్రం యుద్ధం ఆపాలని తన సైన్యానికి ఆజ్ఞ ఇచ్చానని నిజాం ఉస్మాన్ అలీఖాన్ ప్రకటించిందీ ఆ రేడియోలోనే. ఆకాశవాణి అని దానికి పేరు లేదు గానీ, రాజు కాలం తీరిందని పైగాలిలోంచి చెప్పింది. చెప్పినవాడూ రాజే. భాగవతం రాసినవారికి కూడా తట్టని మలుపు ఇది.

1950 ఏప్రిల్ 1న మైసూరు, హైదరాబాదు రెండూ ఆలిండియా రేడియోలో కలిశాయి. ఈ కథలో ఏప్రిల్ ఒకటి ఎన్నిసార్లు వచ్చిందో గమనించారా? సర్కారు లెక్కల కొత్త ఏడాది కదా. విలీనాలన్నీ ఆ పొద్దే. పాత ఖాతా మూసి కొత్త ఖాతా తెరవాలి. నేను మార్చి 31 రాత్రుళ్ళు కౌంటర్లో ముప్పై ఆరుసార్లు కూర్చున్నాను, నాకు తెలుసు.

మద్రాసు అప్పటికే కలిసిపోయింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ఎగ్మూరులో తెరవగానే కార్పొరేషను తన ప్రసారం ఆపేసింది. తెలుగుకు మేలు జరిగింది ఇక్కడే. ఆచంట జానకీరామ్ గారు తెలుగు కార్యక్రమాలు చూసుకోవడానికి వచ్చారు. మొదటి రోజుల్లోనే గిడుగు రామమూర్తి పంతులు గారిని పిలిచి 'సజీవమైన తెలుగు' గురించి మాట్లాడించారు. బతుకంతా వాడుక భాష కోసం కొట్లాడిన మనిషి, ఇంకో ఏడాదిన్నరకు పోతాడనగా, మైకు ముందు కూర్చుని జనం మాటను జనం మాటలోనే సమర్థించాడు. గ్రాంథికవాదులు ఎన్ని పుస్తకాలు వేసినా ఆ పొద్దు ఓడిపోయినట్టే. రేడియోలో గ్రాంథికం చదివితే వినేవాడు ముల్లు తిప్పేస్తాడు కదా. ఇలాంటి పని క్లబ్బు చందాలతో అయ్యేదా? కాదు. అందుకే సర్కారు మింగేసిందని నేను ఏడవను. మింగకపోతే మద్రాసు క్లబ్బుకు మూడేళ్ళు, మైసూరుకు పదేళ్ళు, అంతే ఆయుష్షు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేది కాదు, మా నాయనకు అంగడి ఉండేది కాదు.

నాకున్న గుంజాటన ఒకటే. మింగినవాళ్ళు పేర్లు కూడా మింగేశారు. చెట్టి పేరు, మహబూబ్ అలీ పేరు, గోపాలస్వామి పేరు మా తరం తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఒక్కదాంట్లోనైనా చూశానా? రేడియో అంటే మార్కోనీ. పరీక్షలో అయిదు మార్కులు.

విలీనమైనందుకు మైసూరుకు దక్కిన బహుమానం ఇంకొకటి ఉంది. 1955 నవంబరులో కేంద్రాన్ని ఎత్తుకుపోయి బెంగళూరులో పెట్టారు. నాయన అప్పుడు మైసూరులోనే ఉన్నాడు. ఊళ్ళో రేడియో అంగళ్ళవాళ్ళు చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారని చెప్పేవాడు. స్టేషను పక్కనే ఉన్నప్పుడు తీగముక్క కట్టినా పలికే సెట్లు, ఇప్పుడు ఏరియల్ కోసం మిద్దెలెక్కాయి. ఏరియల్ కట్టే పని దొరికిందని సంతోషించాలో ఏడవాలో తెలియలేదట. మరుసటేడు ఆయన హిందూపురం వచ్చేసి సొంత అంగడి పెట్టుకున్నాడు. మైసూరుకు దూరమైన బెంగళూరు యంత్రం హిందూపురానికి దగ్గరైంది. విజయవాడ దగ్గినా బెంగళూరు గణగణమనేది. మా ఊళ్ళో సగం ఇళ్ళలో తెలుగు మాట్లాడి కన్నడ పాటలు వినడం అలా అలవాటైంది. మైసూరు పోగొట్టుకున్నది మేం అనుభవించాం. మైసూరులో మళ్ళీ కేంద్రం పెట్టింది 1974లో.

1996లో నాయన్ను మైసూరు తీసుకుపోయాను. చాముండి కొండ ఎక్కాలని అమ్మకు, యాదవగిరి చూడాలని ఆయనకు. ఆకాశవాణి గేటు బయట నిలబడి ఆయన భవనాన్ని చూడలేదు, మెడ ఎత్తి స్తంభాన్నే చూశాడు. ప్రొఫెసరు ఇల్లు దగ్గర్లోనే అని ఎప్పుడో విన్నాడట. పూలమ్మే ముసలామెను కన్నడంలో అడిగితే ఆమె ఆలోచించి, మూడు దిక్కులు చూపించింది. మూడు దిక్కులూ తిరిగాం. ఆఖరి వీధిలో ఒక పాత ఇంటి ముందు ఆగి, "ఇదే రా" అన్నాడు. పేరు పలక లేదు, ఏమీ లేదు. నీకెట్లా తెలుసు నాయనా అంటే, "మిద్దె మీద చూడు, ఏరియల్ కట్టుకునే దానికి ఎంత బాగుందో" అన్నాడు. అమ్మ ఆటోలోంచి దిగనే లేదు.

ప్రసారభారతి చట్టం 1990లో చేసి, 1997లో గానీ అమల్లోకి తేలేదు. ఆ నవంబరు 23 నుంచి ఆకాశవాణి సర్కారు శాఖ కాదు, ప్రజా ప్రసార సంస్థ. కాగితం మీద తేడా పెద్దదే. గాలి తరంగాలు జనం ఆస్తి అని సుప్రీంకోర్టు అంతకు రెండేళ్ళ ముందే చెప్పింది. 2008 అక్టోబరు 15న జహీరాబాదు దగ్గర దళిత ఆడవాళ్ళు సొంతంగా 'సంఘం రేడియో' మొదలుపెట్టారు. పొలంలో కూలి చేసి వచ్చి మైకు ముందు కూర్చునేవాళ్ళు. ఆ యంత్రం యాభై వాట్లని చదివి, నాయనకు చెప్పాను. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. "ప్రొఫెసరు కన్నా ఇరవై ఎక్కువ" అన్నాడు వెంటనే.

అంగడి ఎత్తేసినప్పుడు మిగిలిన సామాను నా దగ్గరే ఉంది. రెండు డబ్బాల వాల్వులు, డయల్ గాజులు నాలుగు, లెడ్డు చుట్ట, పేస్టు డబ్బీ, సోల్డరింగ్ ఐరన్. మొన్న మనవరాలి బొమ్మ తీగ ఊడిపోతే అతుకుదామని ఐరన్ తీశాను. పిడి మీద కంపెనీ పేరు అరిగిపోయింది గానీ అంకె మిగిలింది. ముప్పై అయిదు వాట్లు. ప్లగ్గులో పెట్టి, వేడెక్కేదాకా చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మొన లెడ్డు కరిగించడానికి నాలుగు నిమిషాలు పట్టింది.